చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది: ఇంట్లో వాడుకోవడానికి తక్కువలో ఏ స్కానర్ కొనాలి?

వాసు_వైట్‌ఫీల్డ్
అందరికీ నమస్కారం. మాది అనంతపురం, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. బండి 2015 పెట్రోల్ సెడాన్, లక్ష కిలోమీటర్లు దాటింది. దసరా ముందు నుంచి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. ఎక్కడా ఆగిపోలేదు గానీ సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెడితే స్టీరింగ్ సన్నగా వణుకుతుంది. మైలేజీ కూడా పడింది.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానింగ్‌కే పన్నెండొందలు వేసి, "ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, తొమ్మిది వేలవుతుంది" అన్నారు. కోడ్ (బండి కంప్యూటర్ రాసుకున్న లోపం నంబరు) ఏమిటని అడిగితే "అది సిస్టమ్‌లో ఉంటుంది" అని జవాబు. ఒళ్ళు మండి బండి వెనక్కి తెచ్చేశాను. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు ఇంటి దగ్గరే మార్చుకుంటాను, కాబట్టి స్పానర్ పట్టుకోవడానికి భయం లేదు. రెండు వేలు, మరీ తప్పదంటే మూడు వేల లోపు ఏది కొంటే మంచిది? ఆన్‌లైన్లో మూడొందల నుంచి ముప్పై వేల దాకా ఉన్నాయి, బొమ్మలు మాత్రం అన్నీ ఒకేలా ఉన్నాయి. నాది ఐఫోన్, మా ఆవిడది ఆండ్రాయిడ్. సంక్రాంతికి ఊరెళ్ళే లోపు తేల్చుకోవాలి.

స్పానర్_శీను
గింత ఆలోచన ఎందుకు బ్రో. ఐదొందలకి నీలం రంగు బ్లూటూత్ డాంగిల్ (బండి సాకెట్ల గుచ్చి ఫోన్‌కి కలిపే డబ్బి) వస్తది, ఎస్పీ రోడ్డుల అడిగితే కుప్ప పోస్తరు. ఆండ్రాయిడ్ ఫోన్ల టార్క్ యాప్ ఏస్కో, కోడ్ చదువు, క్లియర్ కొట్టు. అయిపాయె. నేను మస్తు రోజుల సంది అదే వాడుతున్న.

లలిత_హెబ్బాళ్
శీను గారూ, మీకు మంచి పీస్ తగిలింది. అందరికీ తగలదు, అదే చిక్కు.

ఆ నీలం డాంగిళ్ళ మీద ఈఎల్ఎం327 అని ఉంటుంది. అది కెనడాలో ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ చేసిన చిప్ పేరు. మొదటి వెర్షన్‌కి కాపీ రక్షణ పెట్టలేదు. అందులోని ప్రోగ్రామ్‌ని ఎవరో ఎత్తేశారు, అక్కణ్ణుంచి నకళ్ళే నకళ్ళు. అసలు కంపెనీ 2022లో మూతపడింది. ఇవాళ బజార్లో దొరికే చవక సరుకంతా నకలే. వెర్షన్ 1.5 అని కనిపిస్తుంది చూడండి, ఆ నంబరుతో ఎల్మ్ వాళ్ళు చిప్ విడుదలే చెయ్యలేదు. తమాషా ఏమిటంటే, ఆ లేని 1.5 పేరుతో వచ్చే నకళ్ళలో పనికొచ్చేవి బాగానే దొరుకుతాయి. 2.1 అని గొప్పగా చెప్పుకునే చాలావాటికి కొన్ని కమాండ్లు పంపితే జవాబే రాదు. పైన అంటించిన స్టిక్కర్ చూసి ఏమీ తేల్చలేం. తిప్పి పంపే వీలున్న చోట కొని, రాగానే కమాండ్లు పరీక్షించే యాప్ ఒకటి వేసి చూసుకోవాలి. ఫెయిలైతే అదే రోజు వెనక్కి పంపెయ్యండి.

ఇక ఐఫోన్ సంగతి. పాత తరహా బ్లూటూత్ డాంగిల్ దానితో కలవదు. 'బ్లూటూత్ లో-ఎనర్జీ' (బీఎల్ఈ, తక్కువ కరెంటు వాడే తరహా) ఉన్నదైనా కావాలి, లేదా వైఫై డాంగిల్ కావాలి. వైఫై అయితే యాప్ సెట్టింగ్స్‌లో సాధారణంగా 192.168.0.10, పోర్ట్ 35000 అని ఇవ్వాలి. ఫోన్ ఆ వైఫైకి అతుక్కున్నంతసేపూ నెట్ దగ్గర పేచీ పెడుతుంది. మీ ఆవిడ గారి ఫోన్ అరగంట అప్పడగడమే సుఖం.

స్పానర్_శీను
నాది 2.1 అనే ఉన్నది మేడం. ఇప్పుడు భయమైతుంది 😄

కేజీఎఫ్_పాత_ఎలక్ట్రీషియన్
వాసూ, స్కానర్ కంటే ముందు బండి ఏ కాలం నాటిదో చూసుకోవాలి. మన దేశంలో బీఎస్-4 పొగ నిబంధనలతో పాటు 2010 ఏప్రిల్‌లో ఓబీడీ-1 (బండి తన లోపాలను తానే పసిగట్టి కోడ్‌గా రాసుకునే ఏర్పాటు), 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయ్యాయి. నీది 2015 కాబట్టి ఏ మామూలు స్కానరైనా ఇంజిన్ కోడ్లు చదువుతుంది. అంతకు ముందు బళ్ళలోనూ అదే పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, లోపల మాత్రం కొన్నింట్లో కంపెనీ సొంత భాష నడుస్తుంది. 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి డాంగిల్ మీద లైటు వెలుగుతుంది. అది చూసి కనెక్ట్ అయిందనుకుంటారు, ఈసీయూ (ఇంజిన్ నడిపే కంప్యూటర్) మాత్రం పలకదు.

స్టీరింగ్ కింద టార్చి వేసి సాకెట్ చూడు. 6, 14 స్థానాల్లో రాగి కనిపిస్తే క్యాన్ బస్, అంటే బండిలో కంప్యూటర్లు వేగంగా మాట్లాడుకునే తీగల జత. అవి ఖాళీగా ఉండి 7లో మాత్రమే ఉంటే కే-లైన్, అంటే నిదానంగా నడిచే పాత తరహా తీగ. చవక నకళ్ళు ఎక్కువగా తడబడేది ఈ కే-లైన్ దగ్గరే. 4, 5 ఎర్తింగు.

ఇంకొక మాట. స్కానర్ కొనే ముందు మూడు, నాలుగొందలు పెట్టి మల్టీమీటర్ కొనుక్కో. ఇంజిన్ ఆపి కాసేపు వదిలేశాక బ్యాటరీ 12.6 వోల్టులకు దగ్గరగా, స్టార్ట్ చేశాక 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఇక్కడ ఇంటి నుంచి పని చేసేవాళ్ళ బళ్ళు బేస్‌మెంట్‌లో వారాలకు వారాలు నిద్రపోతుంటాయి. బ్యాటరీ నీరసిస్తే సంబంధం లేని కోడ్లన్నీ వచ్చి కూర్చుంటాయి. వాటిని నమ్మి సెన్సర్లు మార్చినవాళ్ళను చాలామందిని చూశాను.

ప్రసాద్_మారతహళ్ళి
నా ఓటు వైరున్న చేతి స్కానర్‌కి. ఫోన్ జత కలపడం, యాప్ అనుమతులు, మధ్యలో ఆఫీసు ఫోన్ రావడం, ఈ గోలంతా నాకు పడదండి. సాకెట్లో గుచ్చి ఇగ్నిషన్ ఆన్ చేస్తే చాలు, కరెంటు కూడా బండి నుంచే తీసుకుంటుంది. ఆన్సెల్ ఏడీ310, కాన్వే కేడబ్ల్యూ310 లాంటివి మీ బడ్జెట్‌కి అటూ ఇటూగా ఉంటాయి. కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ (లైట్ వెలిగినప్పటి అంకెలు), లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు ఇచ్చే అంకెలు), అన్నీ చూపిస్తాయి. తెర చిన్నది, గ్రాఫ్ చూడాలంటే కళ్ళు చికిలించాలి, అంతే.

కొనేముందు లైవ్ డేటా ఉందో లేదో అడగండి. కోడ్ చదివి చెరిపేయడం తప్ప ఇంకేమీ రాని సరుకు కూడా ఇదే ధరకి అంటగడుతున్నారు.

కిశోర్_బెళ్ళందూరు
ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ లైట్ల సంగతి కూడా చెప్పండి ప్రసాద్ గారూ, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. వానాకాలంలో పాణత్తూరు అండర్‌పాస్ నీళ్ళలో పోయాక నా బండిలో ఏబీఎస్ లైట్ వెలిగింది. డాంగిల్ పెడితే "కోడ్లు ఏమీ లేవు" అంది! మామూలు ఓబీడీ ఉన్నదే పొగకు సంబంధించిన ఇంజిన్ విషయాలకి. పి తో మొదలయ్యేవి ఇంజిన్, గేర్‌బాక్స్ కోడ్లు. సి అంటే బ్రేకులు, సస్పెన్షన్ వైపు, బి అంటే బాడీ, యూ అంటే కంప్యూటర్ల మధ్య మాట పోవడం. ఏబీఎస్ కోడ్లు చదవాలంటే ఆ కంపెనీ బండి తెలిసిన స్కానర్ కావాలి. లాంచ్ సీఆర్‌పీ123 లాంటివి ఇంజిన్, గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ నాలుగూ చూస్తాయి గానీ వాసు గారి బడ్జెట్‌కి అవి అందవు. కొనేవాళ్ళయినా మన దేశంలో అమ్మే మోడల్ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. పేరు ఒకటే అయినా అక్కడి బండి వేరు, ఇక్కడి బండి వేరు.

నేనైతే జేసీ రోడ్డు వెనక సందులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర మూడొందలిచ్చి చదివించుకున్నాను. ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్, కనెక్టర్ నిండా బురద. ఏడాదికోసారి వచ్చే పనికి పదివేల స్కానర్ దండగ.

వాసు_వైట్‌ఫీల్డ్
ఇన్ని విషయాలు ఒక్క రోజులో! ప్రసాద్ గారు మెసేజ్ పెట్టి వాళ్ళ స్కానర్ ఇస్తానన్నారు, శనివారం వెళ్ళి తెచ్చుకుంటాను. కొనే ముందు చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

కేజీఎఫ్_పాత_ఎలక్ట్రీషియన్
తెచ్చాక క్లియర్ మాత్రం నొక్కకు. లైట్ వెలిగిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో ఈసీయూ ఒక ఫోటోలా దాచుకుంటుంది, దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. క్లియర్ కొడితే అదీ పోతుంది. ముందు అన్నీ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టు. ఇంకో సంగతి, లైట్ నిలకడగా ఉంటే నిదానంగా నడుపుకోవచ్చు. ఆగి ఆగి మిణుకుమంటే మాత్రం మిస్సింగ్ గట్టిగా కొడుతోందని అర్థం. కాలని పెట్రోల్ వెళ్ళి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. అప్పుడు బండి పక్కకి తీసి ఆపెయ్యాలి.

న్యూజెర్సీ_నాని
ఇక్కడ అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకీ ఓబీడీ-2 ఉంది. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు సాకెట్లోనే వైరు గుచ్చుతారు. ముందు రోజు కోడ్ చెరిపేసి వెళ్తే రెడీనెస్ మానిటర్లు (కోడ్ చెరిపాక బండి తనకు తాను మళ్ళీ చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని వెనక్కి పంపేస్తారు. మీ దగ్గర పీయూసీకి కూడా అంతేనా?

ప్రసాద్_మారతహళ్ళి
లేదు నానీ, ఇక్కడ పీయూసీలో సైలెన్సర్ గొట్టంలో పైపు పెట్టి పొగ కొలుస్తారు, సాకెట్ జోలికి రారు. కానీ రెడీనెస్ మనకీ పనికొస్తుంది. పాత బండి కొనడానికి వెళ్ళినప్పుడు స్కానర్ పెడితే మానిటర్లన్నీ "పూర్తి కాలేదు" అని చూపించాయనుకోండి, మీరు వచ్చే ముందే ఎవరో కోడ్లు చెరిపారనో, బ్యాటరీ తీశారనో అనుమానించాలి. మా బావమరిది కోసం ఒక బండి ఇలాగే వద్దనుకుని వచ్చేశాం.

వాసు_వైట్‌ఫీల్డ్
చదివానండీ. నిల్వ ఉన్న కోడ్ ఒక్కటే: పి0171, అంటే మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అట. ఆక్సిజన్ సెన్సర్ పాడైందన్న కోడ్ ఎక్కడా లేదు!

ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం 0, ఆర్‌పీఎం 760, కూలెంట్ 88 డిగ్రీలు, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ +21.9. అంటే వేడెక్కిన బండి నిలబడి ఉన్నప్పుడు వెలిగింది. ఇప్పుడేం చెయ్యాలి? సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పిన సెన్సర్‌కీ దీనికీ సంబంధం ఉందా?

కేజీఎఫ్_పాత_ఎలక్ట్రీషియన్
ఉంది, వాళ్ళు అనుకున్న సంబంధం కాదు. "గాలి ఎక్కువైంది" అని ఈసీయూకి చెప్పింది ఆ సెన్సరే. వార్త తెచ్చినవాణ్ణే తీసెయ్యమంటున్నారు వాళ్ళు. కోడ్ ఎప్పుడూ లక్షణం చెబుతుంది, ఏ పార్టు మార్చాలో చెప్పదు.

ట్రిమ్ అంటే ఏమిటో చెప్తాను. ఈసీయూ తన లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోల్‌కి ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అదే ట్రిమ్. షార్ట్ టర్మ్ అప్పటికప్పుడు సర్దుకునేది, లాంగ్ టర్మ్ నేర్చుకుని పెట్టుకున్నది. రెండూ కలిపి పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. నీది దాదాపు ఇరవై రెండు, అంటే ఎక్కడో లెక్కకు రాని గాలి దూరుతోంది, లేదా పెట్రోల్ చాలడం లేదు. ఏది అన్నది తెలుసుకోవడం తేలిక. బండి బాగా వేడెక్కాక, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడ్లింగ్‌లో ట్రిమ్ రాసుకో, తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా రేజ్ చేసి పట్టుకుని రాసుకో. రేజ్‌లో ట్రిమ్ బాగా దిగితే గాలి లీకు. ఇంజిన్ గాలి ఎక్కువ పీల్చుకుంటున్నప్పుడు ఆ చిన్న కంత నుంచి వచ్చేది మొత్తంలో చాలా కొంచెమే. తగ్గకుండా, ఇంజిన్ మీద బరువు పడినప్పుడు ఇంకా పెరిగితే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, లేదా మురికి పట్టిన గాలి సెన్సర్.

లలిత_హెబ్బాళ్
చిన్న చేర్పు. ఈ లెక్క గాలిని ఎంఏఎఫ్ సెన్సర్‌తో కొలిచే బళ్ళకి బాగా పడుతుంది. సెన్సర్ దాటాక దూరిన గాలి దాని లెక్కలో ఉండదు కదా. మ్యానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలి వెళ్ళే గొట్టాలు) ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మీద నడిచే చిన్న బళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో లీకైన గాలి మ్యానిఫోల్డ్ ఒత్తిడిని పెంచుతుంది, ఈసీయూ దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పోసేస్తుంది. ట్రిమ్ అంత పెరగదు, ఐడ్లింగ్ పైకి లేస్తుంది. వాసు గారూ, ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటిన పైపు మీద వైర్ల కనెక్టర్‌తో సెన్సర్ ఉందా? లైవ్ డేటాలో సెకనుకి ఇన్ని గ్రాములు అని వస్తుంటే ఎంఏఎఫ్ ఉన్నట్టే.

వాసు_వైట్‌ఫీల్డ్
ఉంది, గ్రాములు వస్తున్నాయి.

ఐడ్లింగ్‌లో లాంగ్ +21.9, షార్ట్ +4.7. 2500 దగ్గర లాంగ్ +7.0, షార్ట్ 0.8కీ 2.3కీ మధ్య. ముందు ఆక్సిజన్ సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతోంది.

కేజీఎఫ్_పాత_ఎలక్ట్రీషియన్
సెన్సర్ భేషుగ్గా ఉంది. తొమ్మిది వేలు మిగిలాయి. గాలి లీకు వెతుకు. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రేలు, పెట్రోలు చల్లే మొరటు పద్ధతి వద్దు, నిప్పంటుకుంటుంది. చల్లారాక ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కి తగిలించిన ప్రతి రబ్బరు పైపునీ వేళ్ళతో వంచి చూడు, ముఖ్యంగా బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి లాగేది). తర్వాత స్టార్ట్ చేసి, ఫ్యాన్‌కీ బెల్టుకీ దూరంగా, నోస్ ప్లైయర్‌కి గుడ్డ చుట్టి ఒక్కో పైపునీ మెల్లగా నొక్కు. ఏది నొక్కితే వణుకు ఆగుతుందో, షార్ట్ ట్రిమ్ ఒక్కసారిగా పడుతుందో, అదే దొంగ. బ్రేక్ పైపు నొక్కేటప్పుడు బండి కదలకుండా చూసుకో.

వాసు_వైట్‌ఫీల్డ్
దొరికింది! పీసీవీ పైపు. వాల్వ్ కవర్ నుంచి వచ్చి మోచేయిలా వంగే చోట, కింది వైపు, ఒక వేలి గోరంత పగులు. పైనుంచి చూస్తే కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ప్లాస్టిక్ క్లిప్పు తీసి వెనక్కి తిప్పితే నోరు తెరిచింది. రబ్బరు అక్కడ ఆయిలు తాగి మెత్తగా, అంటుకునేలా అయిపోయింది. ప్లైయర్‌తో నొక్కగానే షార్ట్ ట్రిమ్ మైనస్ ఇరవైకి పడిపోయింది, వణుకు ఆగింది. మా ఆవిడ ఫోన్ పట్టుకుని వీడియో తీసింది, పక్క ఫ్లాట్ వాళ్ళు ఏదో పూజ అనుకున్నారు.

జేసీ రోడ్డులో కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి నాలుగొందల ఇరవై. ఇప్పుడు క్లియర్ కొట్టాను.

స్పానర్_శీను
సూపర్ బ్రో. నేనైతే క్లియర్ కొట్టి ఊకుంటుండె.

కిశోర్_బెళ్ళందూరు
కొత్త ట్రిమ్ ఎంతుంది? ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఇథనాల్ కలిపినది) వచ్చాక నా బండిలో ఎప్పుడూ కొంచెం ప్లస్‌లోనే ఉంటోంది, అది కూడా లీకేనా అని భయం.

లలిత_హెబ్బాళ్
భయం వద్దు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. స్వచ్ఛమైన పెట్రోల్‌కి గాలి, ఇంధనాల నిష్పత్తి 14.7, ఈ20కి సుమారు 13.5. పాత పెట్రోల్‌కి లెక్కగట్టిన ఈసీయూ ఆ తేడాని ట్రిమ్‌లో వేసుకుంటుంది. ఐడ్లింగ్‌లోనూ రేజ్‌లోనూ ఒకేలా కాస్త ప్లస్ ఉంటే అది ఇంధనం వల్లే కావచ్చు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితేనే వెతకాలి.

వాసు_వైట్‌ఫీల్డ్
నాది ఇప్పుడు రెండు చోట్లా +4 దగ్గర. లలిత గారు చెప్పింది సరిపోయింది.

స్కానర్ విషయం: ప్రసాద్ గారిది తిరిగిచ్చేశాను. నాకు గ్రాఫులే ఎక్కువ పనికొచ్చాయి, అందుకని విగేట్ విలింకర్ ఆర్డర్ పెట్టాను, రెండు ఫోన్లకీ కలుస్తుంది. బడ్జెట్ దాటింది, తొమ్మిది వేలు మిగిలాయి కదా అని మా ఆవిడ ఒప్పుకుంది. కార్ స్కానర్ అనే యాప్‌తో మొదలుపెడతాను.

లలిత_హెబ్బాళ్
మంచిదే. పనయ్యాక సాకెట్ నుంచి తీసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. అది నిద్రపోని రకమైతే పార్కింగ్‌లో బ్యాటరీ తాగుతుంది. పైగా 1234 పాస్‌వర్డ్‌తో వచ్చే డాంగిళ్ళని పక్కన నిలబడ్డవాడెవడైనా జత కలుపుకోవచ్చు. కోడింగ్, ఆటో స్టార్ట్ ఆపడం లాంటి మెనూల్లోకి ఊరికే వెళ్ళకండి. చదవడం వేరు, రాయడం వేరు.

రమణ_ఎలక్ట్రానిక్‌సిటీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది బీఎస్-6 డీజిల్, రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్. డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) లైట్ వస్తోంది. ఈ డాంగిల్‌తో మసి ఎంత నిండిందో తెలుస్తుందా?

ప్రసాద్_మారతహళ్ళి
మసి శాతం మామూలు ఓబీడీ డేటాలో చాలా బళ్ళలో రాదు రమణ గారూ, కంపెనీ సొంత లెక్క అది. కార్ స్కానర్ లాంటి యాప్‌లో మీ బండి ప్రొఫైల్ ఉంటే కనిపిస్తుంది. పి2463 కోడ్ వచ్చిందంటే మసి బాగా పేరుకుందన్నమాట. ఇంకా లైట్ మాత్రమే ఉంటే ఆదివారం పొద్దున్నే 44వ నంబరు హైవే ఎక్కి దేవనహళ్ళి దాటాక పెనుకొండ వైపు ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా, టాప్ గేర్ కంటే ఒక గేరు తక్కువలో పోనివ్వండి. ఎగ్జాస్ట్ వేడెక్కి మసి దానంతటదే కాలుతుంది. మధ్యలో టీకి ఆగొద్దు. అయినా లైట్ పోకపోతే బలవంతపు రీజనరేషన్ (మసిని స్కానర్‌తో ఆదేశించి కాల్చడం) వర్క్‌షాప్‌లోనే చేయించండి, చవక డాంగిల్‌తో ఇంటి ముందు చెయ్యొద్దు. సైలెన్సర్ ఎర్రగా కాగుతుంది.

హోసకోటె_హరి
నాది 2011 హ్యాచ్‌బ్యాక్. టార్చి వేసి చూశాను, 6, 14 ఖాళీ. 7లో మాత్రం పిన్ను ఉంది. వాసు గారు కొన్నదే కొనమంటారా?

కేజీఎఫ్_పాత_ఎలక్ట్రీషియన్
ఇప్పుడే కొనకు హరీ. అది కే-లైన్. శీను దగ్గరున్నదో, వాసుదో ఒకసారి అప్పు తెచ్చి గుచ్చి చూడు. యాప్‌లో ప్రోటోకాల్ (బండితో మాట్లాడే భాష) ఆటోమేటిక్‌లో కాకుండా ఐఎస్ఓ 9141, ఐఎస్ఓ 14230 ఒక్కొక్కటీ చేత్తో ఎంచి, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి కాసేపు ఆగు, క్యాన్ కంటే చాలా నిదానం. పలికితే ఏది పలికిందో అదే కొను. రెండూ పలక్కపోతే నీ బండిది సొంత భాష, ఆ డబ్బు జేసీ రోడ్డు ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వు.

స్పానర్_శీను
హరి అన్నా, ఆదివారం కేఆర్ పురం వస్త, నా 2.1 తెస్త. దాని పరీక్ష కూడా అయిపోతది.